పాత కారు ఇంజన్‌లో తగ్గిన ఆయిల్ ప్రెషర్: ఒక ప్రాజెక్టు డైరీ

లక్షణం, తొలి అనుమానాలు

ఇది నాలుగు సిలిండర్ల పాత పెట్రోల్ కారు. కార్బురేటర్, క్యామ్ షాఫ్ట్ నడిపే మెకానికల్ పెట్రోల్ పంపు, పుష్‌రాడ్‌లతో తెరుచుకునే వాల్వులు ఉన్న తరానికి చెందిన ఇంజన్. కొంతకాలంగా దూర ప్రయాణం చేసి వచ్చాక ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు డ్యాష్‌బోర్డు మీది ఎర్రటి ఆయిల్ దీపం మిణుకుమిణుకుమంటోంది. యాక్సిలరేటర్‌ను కాస్త తొక్కితే ఆరిపోతోంది, ఉదయం చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసినప్పుడు దాని జాడే ఉండడం లేదు. ఇంజన్ అడుగు నుంచి కొట్టుడు శబ్దం ఇంకా మొదలు కాలేదు కాబట్టి, అది మొదలయ్యేలోపే కారణం పట్టుకోవాలన్నది ఈ పని ఉద్దేశం. కారణం తేలేవరకు కారును రోడ్డు మీదికి తీయకూడదని, కొలతలకు అవసరమైనంత సేపు మాత్రమే ఇంజన్‌ను నడపాలని నిర్ణయించుకున్నాను.

స్పానర్ పట్టుకునే ముందు ఒక విషయం రాసిపెట్టుకోవడం మంచిది. ఆయిల్ పంపు చేసే పని ఆయిల్‌ను తోయడం మాత్రమే. ఆ ప్రవాహానికి బేరింగుల దగ్గరి ఇరుకు సందులు అడ్డు తగిలినప్పుడు పీడనం పుడుతుంది. చిల్లి కుండలో ధారగా నీళ్లు పోస్తున్నప్పుడు లోపల నిలిచే మట్టం ధారను బట్టి, చిల్లుల వెడల్పును బట్టి, పోసే ద్రవం చిక్కదనాన్ని బట్టి ఉన్నట్టే ఇక్కడి పీడనం కూడా ఉంటుంది. అందువల్ల పీడనం తగ్గిందంటే దీపం తప్పు చెబుతూ ఉండాలి, లేదా ఆయిల్ పలచబడి ఉండాలి, లేదా పంపు వైపు నుంచి రావలసినంత ఆయిల్ రాకుండా ఉండాలి, లేదా సందులు పెరిగి ఉండాలి. ఈ వరుసలోనే వెళ్లాలని అనుకున్నాను. ఎందుకంటే ముందున్నవి సులువుగా, ఏమీ విప్పకుండానే తేల్చుకోగలిగినవి. చివరిది ఇంజన్ అడుగు భాగమంతా విప్పితే తప్ప తేలనిది. ఆయిల్ ప్రెషర్ తగ్గిందనగానే కొత్త ఆయిల్ పంపు కొని బిగించే అలవాటు చాలామందికి ఉంది కానీ, నా ఉద్దేశంలో అది ఈ వరుసను మధ్యలోంచి మొదలుపెట్టడమే.

గేజ్‌ను నమ్మవచ్చా

ఇగ్నిషన్ కీ తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే దీపం వెలిగింది, దాన్ని వెలిగించే, బ్లాకుకు బిగించి ఉన్న ఆయిల్ ప్రెషర్ స్విచ్ మీది వైరు ఊడదీస్తే ఆరిపోయింది. అంటే వైరు ఎక్కడా బాడీకి తగిలి షార్ట్ కావడం లేదు. ఈ రకం స్విచ్‌లు సాధారణంగా 0.3 నుంచి 0.5 బార్ (పీడనపు కొలమానం) మధ్య ఎక్కడో దీపాన్ని వెలిగిస్తాయి. ఆ హద్దుకు పైన పీడనం ఎంత ఉందో ఈ దీపం ఎన్నటికీ చెప్పదు. పీడనం ఒక బార్ ఉన్నా, నాలుగు బార్లు ఉన్నా దీనికి ఒక్కటే. కాబట్టి స్విచ్ విప్పి, ఆ స్థానంలో మెకానికల్ గేజ్ బిగించడం తప్పనిసరి.

ఇక్కడ స్క్రూ మరల (థ్రెడ్ల) సంగతి ఒకటి జాగ్రత్తగా చూసుకోవాలి. పాత ఇంజన్లలో ఈ రంధ్రానికి 1/8 అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మర) గానీ, 1/8 అంగుళం ఎన్‌పీటీ (అమెరికన్ పైపు మర) గానీ, కొన్నింటిలో 10 మిల్లీమీటర్ల మెట్రిక్ మర గానీ ఉంటుంది. మొదటి రెండింటి మధ్య తేడా కంటికి దాదాపు కనిపించదు: బీఎస్‌పీకి అంగుళానికి 28 మరలు, ఎన్‌పీటీకి 27. ఒకదాని అడాప్టర్ మరొకదానిలో రెండు మూడు చుట్లు చేత్తోనే సాఫీగా దిగి, ఆ తర్వాత బిగుసుకుపోతుంది. అప్పుడు స్పానర్‌తో బలవంతం చేస్తే పాడయ్యేది అడాప్టర్ కాదు, బ్లాకు. పాత స్విచ్ మరను థ్రెడ్ గేజ్‌తో సరిచూసుకుని, దానికి తగిన అడాప్టర్‌నే వాడాను. గేజ్‌కు వెళ్లే గొట్టంగా సన్నని నైలాన్ ట్యూబ్‌కు బదులు అల్లిక ఉన్న రబ్బరు హోస్ తీసుకుని, దాన్ని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు దూరంగా కట్టాను. కాలుతున్న మానిఫోల్డ్ మీద వేడి ఆయిల్ చిమ్మితే మంట పుట్టడానికి అంతకన్నా ఏమీ అక్కరలేదు.

ఆయిల్ ఉష్ణోగ్రత కోసం డిప్‌స్టిక్ గొట్టంలోంచి సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోకి సన్నని ప్రోబ్ దించాను. ఉష్ణోగ్రత, ఇంజన్ వేగం పక్కన లేని పీడనం అంకెకు అర్థం లేదు కాబట్టి మూడూ కలిపే నమోదు చేశాను. ఆయిల్ 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఐడ్లింగ్‌లో 3.2 బార్, 2000 ఆర్‌పీఎం వద్ద 4 బార్, 3000 వద్ద కూడా అదే 4 బార్. ఆయిల్ 95 డిగ్రీలకు చేరాక ఐడ్లింగ్‌లో 0.4 బార్, 2000 వద్ద 1.7, 3000 వద్ద 2.4. ఈ ఇంజన్ వర్క్‌షాప్ మాన్యువల్ ప్రకారం వేడిగా ఉన్నప్పుడు ఐడ్లింగ్‌లో కనీసం 1 బార్, 2000 వద్ద కనీసం 3 బార్ ఉండాలి. పీడనం హద్దు మీరకుండా అదనపు ఆయిల్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వ్ తెరుచుకోవలసింది 4 బార్ దగ్గర. మాన్యువల్ దొరకని బండికి ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్‌ఐ, అంటే దాదాపు 0.7 బార్ ఉండాలనే పాత లెక్క ఒకటి వాడుకలో ఉంది. అది ఉజ్జాయింపే. ఆ లెక్కన 2000, 3000 వద్ద ఈ ఇంజన్ గట్టెక్కుతుంది కానీ, వేడి ఐడ్లింగ్‌లో మాత్రం తప్పినట్టే అవుతోంది.

ఈ అంకెల నుంచి రెండు మూడు సంగతులు అప్పుడే తెలిశాయి. దీపం అబద్ధం చెప్పడం లేదు. చల్లగా ఉన్నప్పుడు పీడనం 4 బార్ల దాకా ఎక్కి అక్కడ ఆగిందంటే, రిలీఫ్ వాల్వ్ తన హద్దు దగ్గరే తెరుచుకుంటోంది. అది తెరిచి ఉండి ఇరుక్కుపోయి ఉంటే చల్లగా ఉన్నప్పుడు కూడా పీడనం ఎక్కేది కాదు. వేగం పెంచేకొద్దీ ముల్లు వణకకుండా, వెనక్కి పడకుండా పైకే వెళ్లింది. సంప్‌లోని స్ట్రైనర్ (ఆయిల్‌ను వడకట్టే జాలీ) గట్టిగా పూడుకుపోయి ఉన్నా, పంపుకు ఆయిల్ అందించే పికప్ గొట్టం దగ్గర గాలి పీలుస్తున్నా ముల్లు అలా నిలకడగా ఉండదు. అయితే పంపును మాత్రం ఈ అంకెలు నిర్దోషిగా తేల్చలేవు. అరిగిన పంపులో కూడా ఆయిల్ పలచబడ్డాకనే లోపలి సందుల గుండా వెనక్కి జారడం ఎక్కువవుతుంది కాబట్టి, దాని లోపం కూడా వేడిలోనే బయటపడుతుంది.

ఆయిల్ ఏం చెప్పింది

డిప్‌స్టిక్ తీసి చూస్తే మట్టం పై గీతకు అర అంగుళం ఎత్తున ఉంది. పాత ఇంజన్ ఎంతో కొంత ఆయిల్ తాగుతుంది. మట్టం తగ్గాలి గానీ, చుక్క కూడా కొత్తగా పోయకుండానే పెరగడానికి వీల్లేదు. పెరిగిందంటే నీళ్లయినా కలవాలి, పెట్రోలయినా కలవాలి. నీళ్లు కలిస్తే ఆయిల్ మజ్జిగ రంగుకు తిరుగుతుంది, ఫిల్లర్ మూత లోపల తెల్లటి జిగురు పేరుకుంటుంది, రేడియేటర్‌లో మట్టం పడిపోతుంది. ఇక్కడ ఆ మూడూ లేవు. డిప్‌స్టిక్‌ను ముక్కు దగ్గర పెట్టుకోగానే మాత్రం పెట్రోల్ వాసన గుప్పుమంది. నిర్ధారణ కోసం ఫిల్టర్ కాగితం మీద ఈ ఆయిల్ చుక్క ఒకటి, పక్కనే అదే గ్రేడు కొత్త ఆయిల్ చుక్క ఒకటి వేసి ఉంచాను. కొత్త ఆయిల్ చుక్క కుదురుగా పరుచుకుంది. ఇంజన్‌లోంచి తీసిన దానికి మధ్యలో నల్లటి మచ్చ, దాని చుట్టూ బాగా దూరం పాకిన పలుచటి లేత వలయం ఏర్పడ్డాయి.

ఈ తరం ఇంజన్‌లో పెట్రోల్ సంప్‌లోకి దిగే దారులు ఎన్నో లేవు. చోక్ మూసి తరచూ తక్కువ దూరాలు నడిపితే కాలని పెట్రోల్ సిలిండర్ గోడల వెంట కొద్దికొద్దిగా దిగుతుంది. కార్బురేటర్‌లో నీడిల్ వాల్వ్ సరిగా మూసుకోకపోయినా దిగుతుంది. కానీ మట్టం ఇంతగా పెరగడానికి అన్నింటికన్నా ఎక్కువ అవకాశం ఉన్నది బ్లాకుకు పక్కగా బిగించి ఉండే పెట్రోల్ పంపుకే. దాని డయాఫ్రమ్‌కు, అంటే లోపల కదిలే పలుచటి గుడ్డ పొరకు, ఒక పక్క పెట్రోల్, మరో పక్క క్యామ్ షాఫ్ట్ తోసే లివర్ ఉంటాయి. డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ లివర్ వైపుకు, అక్కడి నుంచి నేరుగా క్రాంక్ కేసులోకి జారుతుంది. పంపును విప్పి, బయటికి వెళ్లే గొట్టం మూసి, లోపలికి వచ్చే గొట్టం నుంచి పెట్రోల్ నింపి, లివర్‌ను చేత్తో ఆడించాను. కాసేపటికి లివర్ ఇరుసు పక్క నుంచి చెమర్చడం మొదలై, చూస్తుండగానే చుక్కలు కట్టింది. పంపు పై సగం తీశాక డయాఫ్రమ్ అంచున, బిగింపు వలయానికి ఆనుకుని గోరంత పొడవున చీలిక కనిపించింది. గుడ్డ వెనక్కి మడిస్తే తప్ప అది కంటికి ఆనదు.

ఆయిల్ దింపుతూ ఫిల్టర్‌ను కూడా తీసి, ఫిల్టర్ కట్టర్‌తో కోశాను. రంపంతో కోస్తే రంపపు పొడి లోపల పడి, ఇంజన్ నుంచి వచ్చిన పొడి ఏదో, రంపం నుంచి వచ్చినది ఏదో తెలియకుండా పోతుంది. మడతల కాగితాన్ని విప్పి, ఆయిల్ పిండి, వెలుతురులో పరిచి చూస్తే మడతల మధ్య అయస్కాంతానికి అంటని బూడిదరంగు మెరుపు పొడి ఉంది. అక్కడక్కడ రాగి రంగు రజను కూడా కనిపించింది. బూడిదరంగు పొడి బేరింగ్ షెల్ (షాఫ్ట్‌ను చుట్టి పట్టే అర్ధవృత్తపు లోహపు రేకు) పై పూతది అనుకోవచ్చు. రాగి రంగు కనిపించిందంటే ఆ పూత కింద ఉండే పొర దాకా అరుగుదల వెళ్లిందన్నమాట. ఆయిల్ మార్చి చేతులు దులుపుకునే పని కాదని ఆ కాగితమే చెప్పింది. దింపిన ఆయిల్‌లో పెట్రోల్ ఉంది కాబట్టి దాన్ని మూత ఉన్న డబ్బాలో పోసి, మంటకు దూరంగా వేరే పెట్టాను.

పెట్రోల్ పంపుకు కొత్త డయాఫ్రమ్ కిట్ వేసి, అదే పరీక్ష మళ్లీ చేసి, పొడిగా ఉందని తేలాక బిగించాను. మాన్యువల్ చెప్పిన 20డబ్ల్యూ-50 ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి కొలిస్తే, 95 డిగ్రీల వద్ద ఐడ్లింగ్ పీడనం 0.7 బార్‌కు, 2000 ఆర్‌పీఎం వద్ద 2.2 బార్‌కు పెరిగింది. దీపం ఇక వెలగడం లేదు. చాలామంది ఇక్కడితో పని ముగిసిందనుకుంటారు. కానీ రెండు అంకెలూ మాన్యువల్ గీతకు కిందే ఉన్నాయి, ఫిల్టర్‌లో రాగి రజను ఉండనే ఉంది.

ఇంకా చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందన్న సలహా ఈ దశలో తప్పకుండా వినబడుతుంది. 50 గ్రేడు ఆయిల్‌కు 100 డిగ్రీల వద్ద చిక్కదనం 16.3 నుంచి 21.9 సెంటీస్టోక్‌ల మధ్య ఉండాలన్నది ఎస్‌ఏఈ (ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం) ప్రమాణం. 40 గ్రేడుకు అది 12.5 నుంచి 16.3 వరకు. గ్రేడు పెంచితే గేజ్ ముల్లు నిజంగానే లేస్తుంది. అయితే బేరింగ్‌ను కాపాడేది గేజ్ చూపే పీడనం కాదు; తిరిగే జర్నల్ (బేరింగ్‌లో కూర్చునే షాఫ్ట్ భాగం) తన చుట్టూ తానే ఏర్పరచుకునే ఆయిల్ పొర. ఆ పొర లోపలి పీడనం గేజ్ అంకెకు ఎన్నో రెట్లు ఉంటుంది. పంపు చేయవలసిందల్లా ఆ పొరకు ఎడతెగకుండా ఆయిల్ అందించడం. చల్లటి ఉదయం మరీ చిక్కటి ఆయిల్ పైన వాల్వుల దగ్గర ఉండే రాకర్ షాఫ్ట్ దాకా చేరడానికి ఎక్కువ సేపు పడుతుంది, ఆ సేపంతా అరుగుదలే. పైగా పెట్రోల్ సంగతి తేల్చకుండా చిక్కటి ఆయిల్ పోసి ఉంటే కొద్దికాలంలో అదీ పలచబడేది.

రిలీఫ్ వాల్వ్

బ్లాకు పక్కన ఉన్న గుమ్మటం నట్టు ఒక్కటి విప్పితే బయటికి వస్తుంది కాబట్టి దీన్నీ చూశాను. ప్లంజర్ గీతలు లేకుండా నున్నగా ఉంది, తన గూటిలో సొంత బరువుతోనే జారుతోంది, స్ప్రింగ్ పొడవు మాన్యువల్ కొలతకు సరిపోయింది. స్ప్రింగ్ కింద వాషర్ వేసి పీడనం పెంచే చిట్కా గురించి ఒక మాట రాయాలి. ఈ వాల్వ్ తెరుచుకునేది 4 బార్ల దగ్గర, 0.7 బార్ వద్ద అది ఎలాగూ మూసే ఉంటుంది. మూసి ఉన్న తలుపును ఇంకా గట్టిగా నొక్కినంత మాత్రాన వేడి ఐడ్లింగ్ పీడనంలో మార్పేమీ రాదు; చల్లగా ఉన్నప్పుడు ఫిల్టర్ మీద, పంపు నడిపే పళ్ల మీద భారం మాత్రం పెరుగుతుంది.

సంప్ దించడం, పంపు కొలతలు

కారును స్టాండ్ల మీద నిలబెట్టి, ఇంజన్‌ను పై నుంచి పట్టి ఉంచి, కింది అడ్డ మెంబర్ విప్పాక సంప్ దిగింది. అడుగున పల్చటి నల్లటి మడ్డి, స్ట్రైనర్ జాలీ మీద గట్టిపడిన పాత వాల్వ్ సీల్ తునకలు కొన్ని, ఎవరో ఎప్పుడో ప్యాకింగ్ దగ్గర ధారాళంగా పూసిన సిలికాన్ పోగులు కొన్ని ఉన్నాయి. జాలీలో ఎక్కువ భాగం తెరిచే ఉంది, గేజ్ ముల్లు చెప్పింది కూడా అదే. శుభ్రం చేసి, పికప్ గొట్టం అంచు ప్యాకింగ్ మార్చాను. ఈ ప్యాకింగ్ ఆయిల్ మట్టానికి పైన ఉండే అమరికల్లో వెంట్రుకంత సందు ఉన్నా పంపు ఆయిల్‌కు బదులు గాలి పీలుస్తుంది.

పంపు రోటర్ రకానిది. మూత తీసి, సరళపట్టీ అడ్డంగా పెట్టి ఫీలర్ గేజ్‌తో కొలిస్తే రోటర్ల పై సందు 0.06 మిల్లీమీటర్లు ఉంది. దానికి హద్దు 0.1. బయటి రోటర్‌కు, పంపు గోడకు మధ్య 0.18; హద్దు 0.25. రోటర్ల లోబుల మధ్య సందు కూడా హద్దు లోపలే ఉంది. మూత లోపలి ముఖం మీద రోటర్లు తిరిగిన వలయపు జాడ కనిపించింది కానీ, గోరుకు తగిలేంత లోతు లేదు. ఈ పంపును పారేయడానికి కారణం కనిపించలేదు.

బేరింగులు

అసలు కథ ఇక్కడే ఉంది. ఒక్కొక్క బిగ్ ఎండ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే రాడ్ కింది చివర) క్యాప్‌ను, దాని పిస్టన్‌ను అడుగుకు తెచ్చాక విప్పాను. క్యాప్‌ల మీద, రాడ్‌ల మీద నంబర్లు ఉన్నాయో లేదో, ఏ పక్కకు ఉన్నాయో ముందే చూసుకోవాలి. అవి తారుమారైతే షెల్‌ను పట్టే గుండ్రని గూడు సరిగా కలవదు. మొదటి రాడ్‌లో కింది షెల్ బూడిదరంగులో మసకగా, సమంగా ఉంది. పై షెల్ తీస్తే మధ్యలో రాగి రంగు మచ్చ కనిపించింది. సిలిండర్‌లో ఇంధనం మండినప్పుడు వచ్చే దెబ్బ రాడ్‌లో పై షెల్ మీద పడుతుంది, క్రాంక్ షాఫ్ట్‌ను బ్లాకుకు పట్టి ఉంచే మెయిన్ బేరింగుల్లో అదే దెబ్బ కింది షెల్ మీద పడుతుంది. అందుకే క్యాప్ విప్పి కింది షెల్‌ను మాత్రం చూసి బిగ్ ఎండ్ బాగుందని అనుకోకూడదు. రెండో, మూడో రాడ్‌ల పై షెల్స్‌లో రాగి రంగు మచ్చ అరచేతి గీతల్లా సన్నని గీతలతో షెల్ వెడల్పంతా పరుచుకుంది.

సందు కొలవడానికి ప్లాస్టీగేజ్ వాడాను. ఇది ఒత్తితే చదునయ్యే సన్నని మైనపు దారం వంటిది, ఆకుపచ్చది 0.025 నుంచి 0.076 మిల్లీమీటర్ల దాకా, ఎర్రది 0.05 నుంచి 0.15 దాకా కొలుస్తుంది. ఆయిల్‌లో కరిగిపోతుంది కాబట్టి జర్నల్‌ను, షెల్‌ను పొడిగా తుడిచి, దారాన్ని జర్నల్ వెడల్పున పరిచి, క్యాప్‌ను మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించి, క్రాంక్‌ను ఒక్క వెంట్రుకవాసి కూడా కదలనివ్వకుండా మళ్లీ విప్పాలి. చదునైన పట్టీ వెడల్పును కవరు మీది కొలతతో పోలిస్తే సందు ఎంతో తెలుస్తుంది. మొదటి, నాలుగో రాడ్‌లలో 0.08 దగ్గర, రెండో, మూడో రాడ్‌లలో 0.09, 0.10 వచ్చింది. ఈ ఇంజన్‌కు కొత్త సందు 0.05 లోపు, హద్దు 0.07.

ఈ అంకెలు కాగితం మీద చిన్నగానే కనిపిస్తాయి. కానీ మిగతావన్నీ మారకుండా ఉంటే, బేరింగ్ సందు గుండా కారే ఆయిల్ పరిమాణం సందు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 0.05 ఉండవలసిన చోట 0.09 ఉంటే సందు రెట్టింపు కూడా కాలేదు, కారేది మాత్రం దాదాపు ఆరు రెట్లవుతుంది. గేజ్ 0.7 చూపడంలో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదని అప్పుడు అర్థమైంది.

మెయిన్ బేరింగుల్ని ఇంజన్ కారులోనే ఉండగా కొలిచేటప్పుడు ఒక మెలిక ఉంది. క్రాంక్ షాఫ్ట్ తన బరువుతో కిందికి, అంటే క్యాప్ వైపుకు వాలి ఉంటుంది. అలాగే కొలిస్తే పైన ఉన్న సందు లెక్కలోకి రాకుండా పోయి, అరిగిన బేరింగ్ కూడా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కొలిచే బేరింగ్ పక్కనున్న బరువు ముక్క కింద చెక్క అడ్డం పెట్టి, చిన్న జాకీతో క్రాంక్‌ను పై షెల్‌కు ఆనేదాకా సున్నితంగా ఎత్తి పట్టి కొలిచాను. అన్నింటిలో 0.05, 0.06 మధ్య వచ్చింది, మెయిన్ బేరింగులకు ఇది హద్దు లోపలే. నడిమి మెయిన్ కింది షెల్ పూత మాత్రం ఒక అంచున పలచబడింది. అడుగంతా విప్పి ఉన్నప్పుడు వీటిని పాతవిగానే వదిలేయడం నాకు సబబుగా తోచలేదు, మెయిన్ షెల్స్ కూడా మార్చాలనే నిర్ణయించాను.

బిగ్ ఎండ్ జర్నళ్లను మైక్రోమీటర్‌తో ఒక్కొక్కదాన్ని అడ్డంగా, నిలువుగా, రెండు అంచుల దగ్గర కొలిచాను. ఎక్కువలో ఎక్కువ గుండ్రదనం లోపం 0.01 మిల్లీమీటర్, హద్దు 0.025. మీద గోరుకు తగిలే గీతలు లేవు. క్రాంక్‌ను మళ్లీ గ్రైండింగ్ చేయించనక్కర లేకుండా షెల్స్ మార్చడం సరిపోతుందని ఈ కొలతలు చెప్పాయి. పాత షెల్ వీపు మీద 010 అని ముద్ర ఉంది. అంటే ఎవరో ఇదివరకే క్రాంక్‌ను అంగుళంలో వెయ్యింట పది వంతులు, సుమారు 0.25 మిల్లీమీటర్లు గ్రైండ్ చేయించారు. ఆ ముద్ర చదవకుండా స్టాండర్డ్ షెల్స్ తెచ్చి వేస్తే, కొత్తవి వేశాక పీడనం ఇంకా పడిపోయేది. మెయిన్ షెల్స్ వీపు మీద కూడా అదే ముద్ర ఉందని విడిగా సరిచూసుకున్నాను. రెండింటికీ ఒకే సైజు ఉండాలన్న నియమం లేదు.

దీనికంతటికీ మూలం ఎక్కడుందన్నది ఇప్పుడు స్పష్టంగానే కనిపిస్తోంది. పెట్రోల్ కలిసి పలచబడిన ఆయిల్ బిగ్ ఎండ్ పై షెల్ మీద పడే దెబ్బకు తగిన పొర నిలపలేకపోయింది, పూత అరిగింది, సందు పెరిగింది, పెరిగిన సందు గుండా అదే పలుచటి ఆయిల్ ఇంకా వేగంగా కారింది. డయాఫ్రమ్ చీలికను వదిలేసి షెల్స్ ఒక్కటే మార్చి ఉంటే కొత్త షెల్స్‌కు కూడా ఇదే గతి పట్టేది. డయాఫ్రమ్ ఒక్కటే మార్చి ఊరుకుంటే రాగి పొర దాకా అరిగిన షెల్స్ ఒకనాడు జర్నల్‌నే గీసేవి.

బిగింపు

మెయిన్ పై షెల్స్‌ను క్రాంక్ దించకుండా తీయడానికి పాత పద్ధతే వాడాను. కోటర్ పిన్ తలను చదునుగా కొట్టి, జర్నల్‌లోని ఆయిల్ రంధ్రంలో పెట్టి, క్రాంక్‌ను నెమ్మదిగా తిప్పితే ఆ తల షెల్ అంచును నెట్టుకుంటూ బయటికి తెస్తుంది. కొత్తది కూడా అలాగే ఎక్కుతుంది. షెల్‌కు ఉండే చెవి ఏ వైపు ఉందో చూసి, ఆ చెవి లేని అంచును నెట్టేలా, చెవి ముందు బయటికి వచ్చేలా తిప్పాలి. లేకపోతే షెల్ గూటిలోనే బిగుసుకుంటుంది. షెల్ వీపు, అది కూర్చునే గూడు పొడిగా ఉండాలి, జర్నల్‌కు ఆనే ముఖానికి మాత్రమే అసెంబ్లీ గ్రీజు పూయాలి. కొత్త షెల్స్‌తో ప్లాస్టీగేజ్ మళ్లీ పెట్టి చూస్తే బిగ్ ఎండ్‌లు 0.04, 0.05 మధ్య వచ్చాయి. ప్రతి క్యాప్ బిగించాక క్రాంక్‌ను చేత్తో తిప్పి, సాఫీగా తిరుగుతోందని చూసుకున్నాకనే తర్వాతి క్యాప్‌కు వెళ్లాను.

పంపు మూత వేసే ముందు రోటర్ల మధ్య పెట్రోలియం జెల్లీ నింపాను. పొడిగా ఉన్న పంపు మొదటి కొన్ని సెకన్లు ఆయిల్‌ను పైకి లాగలేక గాలినే తిప్పుతుంది. ఫిల్టర్‌ను కూడా ఆయిల్‌తో నింపి బిగించాను. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసి, ఇగ్నిషన్ వైరు ఊడదీసి, స్టార్టర్‌తో మాత్రమే ఇంజన్‌ను కొద్దికొద్దిగా తిప్పాను. కంప్రెషన్ భారం లేకుండా తిరుగుతున్న ఇంజన్‌లో ముల్లు కదిలి 1.5 బార్ దాటాక ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేశాను.

కొత్త అంకెలు

మెకానికల్ గేజ్ అలాగే ఉంచి, అదే ప్రోబ్‌తో, అవే ఉష్ణోగ్రతల దగ్గర కొలిచాను. 30 డిగ్రీల వద్ద ఐడ్లింగ్‌లో 3.8 బార్, 2000 వద్ద 4.1. 95 డిగ్రీల వద్ద ఐడ్లింగ్‌లో 1.3, 2000 వద్ద 3.2, 3000 వద్ద 3.9. వేడి అంకెలు రెండూ మాన్యువల్ గీత దాటాయి. ఆయిల్ మట్టం డిప్‌స్టిక్ మీద గీతకు సరిగా ఉంది, ఎన్నిసార్లు వేడెక్కించి చల్లార్చినా పెరగలేదు, కాగితం మీద చుక్క కూడా కుదురుగానే పరుచుకుంది.

క్యామ్ షాఫ్ట్ బేరింగుల్ని చూడలేదు. వాటి దగ్గరికి వెళ్లాలంటే ఇంజన్‌ను బయటికి దించాలి, ప్రస్తుత అంకెలు అందుకు కారణం చూపడం లేదు. పాత ఇంజన్లలో అందరూ మరిచిపోయే ఆయిల్ కారుడు అక్కడే ఉంటుంది కాబట్టి, ఇకమీద వేడి ఐడ్లింగ్ పీడనం ఒక బార్ దగ్గరికి దిగితే ముందుగా అనుమానించవలసింది వాటినే అని ఈ పేజీ అంచున రాసిపెట్టాను. మెకానికల్ గేజ్‌ను తీసేయకుండా టీ జాయింట్‌తో స్విచ్ పక్కనే శాశ్వతంగా ఉంచాను. మొదటి 500 కిలోమీటర్ల తర్వాత ఈ ఆయిల్, ఫిల్టర్ దింపి, ఫిల్టర్‌ను మళ్లీ కోసి, మడతల్లో రాగి రజను ఉందో లేదో చూడాలి.